సింహాద్రి మేస్టారి ఎడం పక్క

క్లచ్ ప్లేటు మాడితే ఒక వాసన వస్తుంది. కాలిన రబ్బరుకి అడుగంటిన పప్పు తోడయినట్టు ఉంటుంది. మొన్న గాజువాక జంక్షన్ దాటాక నా ముందున్న కొత్త కారు ఎత్తు ఎక్కలేక, వెనక్కి జారలేక, ఉన్నచోటే నిలబడి ఏడుస్తుంటే ఆ వాసన నా ముక్కుకి తగిలింది. వెనకవాళ్ళంతా హారన్లు కొడుతున్నారు. నాకు మాత్రం వేరే గొంతు వినబడింది: "క్లచ్ మీద కాలేసి నిద్దరోతన్నావేట్రా?" ఆ గొంతు గల మనిషి పోయి చాలా ఏళ్ళయింది. వాసనలకి ఆ సంగతి తెలియదు.

కాబట్టి ఇప్పుడు మీకొక మహాకావ్యం చెబుతాను. ఇందులో మహానగరాన్ని తృణప్రాయంగా వదిలేసిన వీరుడున్నాడు. రథముంది, సారథి ఉన్నాడు, దక్షిణ దిక్కుగా సాగిన జైత్రయాత్ర ఉంది, కట్టుకున్న భార్యకి కూడా చెప్పని రహస్యముంది. ఇంతవరకూ రాసి చదువుకుంటే నాకే ఒళ్ళు పులకరించింది. కానీ రథం పాత మారుతీ ఎనిమిది వందలు, నెత్తిన ఎర్రటి 'ఎల్' అక్షరం. జైత్రయాత్ర గాజువాక నుంచి ఎలమంచిలికి, దారిలో టీకి ఆగితే గంటన్నర. వీరుడికి యాభై నాలుగేళ్ళు, నడుం నొప్పి. సారథిని నేను. ఇది కావ్యం కాదని ఒప్పుకుంటున్నాను. ఒక డ్రైవింగ్ స్కూలు పెద్ద ఊరి నుంచి చిన్న ఊరికి మారిన సంగతి, అంతే.

సింహాద్రి మేస్టారు మొదట్లో మేస్టారు కాదు. పోర్టులో ఇరవై ఏళ్ళు టిప్పరు లారీ నడిపారు. ఇనప రాయి ఎక్కించుకోవడం, ఓడ దగ్గర దించడం, మళ్ళీ ఎక్కించుకోవడం. ఆ రోజుల్లో ఎన్నిసార్లు ఉతికినా బనియను ఎర్రగానే ఉండేదట. తొంభైల మొదట్లో ఆ పని మానేసి, గాజువాకలో ఒక గది, ఒక కారు, ఒక బల్ల, ఒక నల్లబోర్డుతో డ్రైవింగ్ స్కూలు పెట్టారు. మేస్టారు అనే పేరు బోర్డుతో పాటు వచ్చింది. ఆయన భార్య వరహాలమ్మ గారిది సముద్రం ఒడ్డున వేటకెళ్ళే కుటుంబం, ఆయనది లోపలి పల్లెల్లో వ్యవసాయ కుటుంబం. ఆ పెళ్ళి తరువాత రెండు వైపుల చుట్టాలూ పదేళ్ళు మాట్లాడలేదు. అందువల్ల వాళ్ళ కాపురం చాలా ప్రశాంతంగా సాగింది.

నేను కంచరపాలెం నుంచి ఆయన దగ్గరికి డ్రైవింగు నేర్చుకోవడానికి వచ్చాను. బీకాం పూర్తయింది, ఉద్యోగం మాత్రం ఇంకా నన్ను వెతుక్కుంటూ రాలేదు. మొదటి రోజు స్టీరింగు ముందు కూర్చోగానే గేరు రాడ్డు వైపు వంగి చూశాను. ఆయన నా పక్క సీట్లో ఉన్నారు. ఆ సీటు కింద ఆయనకి వేరే క్లచ్, వేరే బ్రేకు ఉంటాయి. ఎదుటివాడు చావబోతే ఆపడానికి.

"సెవులున్నాయా?" అన్నారు.

"ఉన్నాయండి."

"మరయితే గేరుని కళ్ళతో ఎందుకు ఎతుకుతన్నావు? ఏ గేరు కావాలో బండే సెప్తాది. ఇను."

ఆయన పాఠమంతా చెవులతోనే. ఇంజను మూలిగితే గేరు తగ్గించు, అరిస్తే పెంచు, మాట్లాడకుండా పోతుంటే నువ్వూ మాట్లాడకు. కళ్ళు రోడ్డుకి, చెవులు బండికి, నోరు ఎవరికీ కాదు. ఈ చివరిది నాకెప్పుడూ రాలేదు. పావుగంట తర్వాత రోడ్డవతల మా పేట కుర్రాడు కనపడితే చెయ్యి ఊపాను. బండి ఠక్కున ఆగింది. ఆపింది ఆయన కాలు.

"ఎవుడాడు?"

"మా బావండి. అంటే నిజం బావ కాదు, పిలుపుకి."

"ఒరే, బాగా ఇనుకో. రోడ్డు మీద నీకు సుట్టాలెవరూ లేరు. బావల్లేరు, మావల్లేరు. ఎదరొచ్చినోడు నిన్ను గుద్దడానికే వత్తన్నాడనుకో. ఇంటికెల్లి ఆడికి టీ పొయ్యి, నానొద్దన్నానా?"

లారీలు, ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు, షేరాటోలు కలిసి పరిగెత్తే గాజువాక రోడ్డుకి అంతకన్నా మంచి పాఠం లేదు. నేను నెలలో నేర్చుకున్నాను, ఏడాదికి ఆయన దగ్గరే రెండో ఇన్‌స్ట్రక్టర్నయ్యాను. ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ రాలేదు గానీ నేనే దాని మీదికి కారు ఎక్కించానని మా నాన్న అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక మేస్టారు ఒక కొత్త అలవాటు పట్టారు. ఎడం వైపు చూడాలంటే కళ్ళు తిప్పకుండా భుజంతో సహా మనిషంతా తిరిగేవారు. నడుం నొప్పి వల్ల అనుకున్నాను. నాకు ప్రతిదానికీ ఒక చవక కారణం దొరికేది. ఒకరోజు మార్కెట్టు రోడ్డులో "ఎడం పక్క కాళీయే, పోనీ" అని శిష్యుడికి చెప్పారు. ఆ ఖాళీలో ఒక తోపుడు బండీ, దాని మీద జాంపళ్ళూ, దాని వెనక ఒక ముసలామె ఉన్నారు. అద్దం తగిలి పళ్ళు రోడ్డంతా దొర్లాయి. మేస్టారు దిగి, అందరితో పాటు తనూ ఏరారు. తన ఎడం కాలి పక్కనే ఉన్న రెండు పళ్ళని మాత్రం వదిలేశారు. వెతికి వెతికి వదిలేశారు.

ఆ సాయంత్రం శిష్యుల్ని పంపేశాక నన్ను పిలిచి, తను బోర్డు వైపు తిన్నగా చూస్తూ కూర్చున్నారు.

"నా ఎనక నించి ఎడం పక్కగా నెమ్మదిగా నడిసి రా. అవుపడ్డప్పుడు సెప్తాను."

నడిచాను. చెవి దాటాను, చెంప దాటాను. దాదాపు ఆయన ముక్కు ముందుకి వచ్చాక, "ఇప్పుడు అవుపడ్డావు," అన్నారు.

"మా ఇంట్లోనూ అంతేనండి, ఎదురుగా నిలబడితే తప్ప నన్నెవరూ చూడరు," అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. ఆ నవ్వు చూసి గండం గడిచిందనుకున్నాను. అప్పట్లో నా జీవితం మొత్తం ఆ పద్ధతి మీదే నడిచేది: ఎదుటివాడు నవ్వాడంటే సమస్య తీరినట్టే లెక్క.

కంటి డాక్టరు కళ్ళలో ప్రెషరు ఎక్కువైందని చెప్పారట. పోయిన చూపు తిరిగి రాదట, మందు చుక్కలు వేసుకుంటే ఉన్నదాన్ని కాపాడుకోవచ్చట. కుడి వైపు బాగానే ఉంది, ఎదురుగా బాగానే ఉంది. ఎడం పక్క మాత్రం తెర దించేసినట్టుంది. డ్రైవింగు నేర్పేవాడు కూర్చునేది ఎడం సీట్లో. మనుషులు, సైకిళ్ళు, కుక్కలు, పిల్లలు వచ్చేదీ ఆ పక్క నుంచే. "వరాలు పిన్నికి సెప్పకు," అన్నారు మేస్టారు. "ఎవులికీ సెప్పకు." డ్రైవింగు మేస్టారికి చూపు లేదని తెలిస్తే ఆయన దగ్గరికి ఎవరొస్తారు? ముప్పై ఏళ్ళుగా ఆయనకి తెలిసిన పని అదొక్కటే. సరేనన్నాను.

వారం తిరిగేసరికి ఆయనకి చిన్న ఊళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక ఆదివారం వరహాలమ్మ గారిని స్కూలు బల్ల మీద కూర్చోబెట్టి, ట్రాఫిక్ గుర్తులు చెరిపించి, బోర్డుకి నిలువుగా గీత గీయించారు. ఎలమంచిలి వెళ్ళిపోతే ఒక పక్క లాభాలు, ఇంకో పక్క నష్టాలు. సుద్దముక్క నా చేతిలో.

"గాలి," అన్నారు మేస్టారు. రాశాను. "దుమ్ముండదు. కూరలు తాజా. అద్దె తక్కువ. ఇంకో డ్రైవింగు స్కూలు లేదు. రోడ్లు కాళీ. సిగ్నలన్న మాటే లేదు." లాభాల వైపు బోర్డు నిండిపోయింది.

"ఇప్పుడు నష్టాలు సెప్పు, వరాలూ."

వరహాలమ్మ గారు కొంగుతో మొహం తుడుచుకుని, "సేపలు," అన్నారు.

"ఇంకా?"

"ఇంకేటీ లేదు. సేపలే. నూకరాజూ, కొంచెం పెద్దచ్చరాలతో రాయి."

సముద్రం వాసన మధ్య పుట్టిన మనిషి. ఐసు పెట్టిన చేపని ఆవిడ చేప అనేవారు కాదు, 'శవం' అనేవారు. గంటసేపు గొడవ జరుగుతుందని నేను బల్ల చివర సర్దుకుని కూర్చున్నాను. ఆవిడ ఆ ఒక్క మాట వైపు కాసేపు చూసి, "సరే, ఎల్దాం," అని లేచిపోయారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. బోర్డు మీద రాయని లాభం ఒకటుందని, అక్కడ ఎడం పక్క నుంచి వచ్చేవి తక్కువని, మేస్టారికీ నాకూ మాత్రమే తెలుసుననుకున్నాను. అందులో తప్పేమీ కనపడలేదు నాకు. పైగా తెలివైన ఏర్పాటనిపించింది. నేనూ వాళ్ళతో పాటు వెళ్ళాను. వెనక సీట్లో రెండు కళ్ళు పనిచేసేవాడు ఒకడుండాలని మేస్టారన్నారు. కంచరపాలెంలో మా ఒకటిన్నర గదుల ఇంట్లో ఒక చాప ఖాళీ అవుతుందని మా అమ్మ సంతోషించింది.

చిన్న ఊరి మంచిచెడ్డలు బోర్డు మీద పట్టవని మొదటి వారంలోనే తెలిసింది. మేము దిగిన మూడో రోజు పొద్దున్న, ముక్కూ మొహం తెలియని ఒకాయన నన్ను ఆపి, "రాత్రి మీ ఇంట ఆనపకాయ కూరలో ఉప్పెక్కువైందట కదా?" అన్నాడు. ఎవరు చెప్పారంటే, "అలగ తెల్సిపోద్దండి," అన్నాడు. అదే రోజు వరహాలమ్మ గారికి తలనొప్పి వస్తే నలుగురు నాలుగు రకాల మాత్రలు తెచ్చిచ్చారు. గాజువాకలో పదేళ్ళున్నా పక్కవాటా ఆయన పేరు మేస్టారికి తెలియదు. ఎలమంచిలిలో పది రోజులకే నా పెళ్ళికి మూడు సంబంధాలు చూశారు.

"రోడ్డు మీద చుట్టాలు లేరు" అన్న మొదటి పాఠం ఆ ఊళ్ళో ఒక్క పూట కూడా నిలవలేదు. అప్పలనాయుడు గారని చెరకు రైతు మా తొలి శిష్యుడు. స్టేషను రోడ్డులో రెండొందల గజాలు పోయేలోగా మూడుసార్లు ఆపాడు. మూడోసారి వెనక తలుపు తెరుచుకుంది. ఒకావిడ వంకాయల సంచీతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎవులావిడ?" అన్నారు మేస్టారు.

"మా మేనత్తండి. ఎండలో నడుత్తంది పాపం."

"ఇది డ్రైవింగు స్కూలా, పెల్లోరి బండా?"

"మీరే సెప్పండి మేస్టారూ, దిగిపోమంటే బాగుంటాదేటి?"

మేనత్త మేస్టారికి రెండు వంకాయలు ఇచ్చింది. ఆయన పుచ్చుకున్నారు. ఆ తర్వాత ఆ పాఠం మేమెవరికీ చెప్పలేదు.

పాఠం పోయిందన్న బాధ ఆయనకి ఎక్కువ రోజులు లేదు. ఎందుకంటే ఊరి ట్రాఫిక్కు ఆయన్ని ముగ్ధుణ్ణి చేసింది. మా కారు మలుపు తిరిగేసరికి ఎడం పక్కనున్న ఆటోలు ఆగిపోయేవి. చెరకు బళ్ళు పొలం గట్టు దాకా తప్పుకునేవి. రోడ్డు మీదికి వచ్చిన టీ కొట్టు బల్లని, దాని మీద మనుషుల్తో సహా, ఇద్దరు పట్టుకుని లోపలికి జరిపేవారు. ఇంటికొచ్చి మేస్టారు అన్నం తింటూ, "సూసావా వరాలూ, ఈల్లకున్న క్రమశిచ్చన గాజువాకోల్లకేది? సిగ్నల్లేపోయినా ఎంత ఒద్దికో!" అనేవారు. వరహాలమ్మ గారు ఇంకో గరిటె పులుసు వడ్డించేవారు.

నాకు అనుమానం వచ్చింది. నాకు తెలిసినంతలో మనవాళ్ళు అంబులెన్సుకి కూడా అంత ఒద్దికగా దారివ్వరు. టీ కొట్టు దగ్గర ఆటో నడిపే పైడిరాజుని అడిగాను. అతను నా వయసువాడే, మొదటి రోజు నుంచీ బావా అనే పిలిచేవాడు.

"మీ మేస్టారికి ఎడం పక్క అవుపడదు కదా బావా," అన్నాడు, ఈ వేళ మంగళవారం కదా అన్నంత మామూలుగా.

"నీకెవరు చెప్పారు?"

"సెప్పడమేటి? మన టీ కొట్టు నరసయ్య ఎడం పక్క నించి గలాసిత్తే ఆయన సెయ్యి రాలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు. కుడి పక్క నించిత్తే అందుకున్నాడు. ఆ పూటే ఊరంతా తెల్సిపోనాది."

"మరి ఎవరూ ఏమీ అనలేదే?"

"అంటే ఆయన బాదపడడా? పెద్దమనిసి. బాగా నేర్పుతన్నాడు. మనం ఓ పక్కకి తప్పుకుంటే పోయేదేటి? మనకి తెల్సునని ఆయనకి తెల్దు. నువ్వు సెప్పకు."

ఈసారి రహస్యం దాచమని అడుగుతున్నది ఊరు మొత్తం. మళ్ళీ సరేనన్నాను. సరేననడంలో నాకు అప్పటికే మంచి అనుభవముంది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు గుండెల నిండా గాలి పీల్చుకున్నట్టయింది. ఊరు ఊరంతా ఆయనకి రెండో బ్రేకు. ఇంతకన్నా ఏం కావాలి? చిన్న ఊరికి రావడం వల్ల లాభమేమిటని అప్పుడు ఎవరైనా అడిగితే, కళ్ళు చెమర్చేలా ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ణి. అదృష్టం, ఎవరూ అడగలేదు.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఒకరోజు పొద్దున్న ఎనిమిదింటికి నాగమణి టీచరు గారి పాఠం. ఆవిడ బళ్ళో లెక్కలు చెబుతారు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, మేస్టారు పోనీమంటే పోనిస్తారు. ఆ రోజు మొదటిసారి హైవే అంచుకి తీసుకెళ్ళాం. మా రోడ్డు పెద్ద రోడ్డుని కలిసేచోట కారు ఆగింది. నేను వెనక సీట్లో, మేస్టారి వెనకాలే ఉన్నాను. ఆయన ఇంజను చప్పుడు విని తల ఊపారు. భుజం తిప్పి ఎడం వైపు చూశారు. ఎంతవరకు చూడగలరో అంతవరకు.

"ఎడం పక్క కాళీయే. రా తల్లీ, రా."

ఖాళీ కాదు. సముద్రం వైపు నుంచి ఒకతను మోపెడ్ మీద, వెనకాల చేపల పెట్టె కట్టుకుని వస్తున్నాడు. రోజూ వచ్చే దారి కాదేమో, ఎవరో ఏమిటో మాకు తెలియదు. మేమెవరమో అతనికీ తెలియదు. మేస్టారి సంగతి తెలియని మనిషి ఆ చుట్టుపక్కల అతనొక్కడే. అతన్ని నేను మేస్టారికన్నా ముందే చూశాను. చూసి, ఒక క్షణం ఆగాను. ఆయన అంతటి ఆయన ఖాళీ అన్నాక, శిష్యురాలి ముందు కాదని ఎలా అనను అని. ఆ క్షణం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అది చాలా మర్యాదైన క్షణం. కారు ముక్కు రోడ్డు మధ్యకి వచ్చేసింది. అప్పుడు అరిచాను.

టీచరు గారు బ్రేకు తొక్కారు. మోపెడ్ అతను తప్పించబోయి పక్కకి పడి, కంకర మీద దొర్లాడు. పెట్టె విడిపోయి చేపలు తారు రోడ్డు మీద మెరుస్తూ పరుచుకున్నాయి. మోచేయి చీరుకుపోయింది, మోకాలు కొట్టుకుంది, అంతే. అతను లేచి నిలబడి తిట్లు మొదలుపెట్టాక మాకు ఊపిరొచ్చింది. అంత హాయిగా తిట్లు విన్నది జీవితంలో అదొక్కసారే.

టీ కొట్టు నరసయ్య, పైడిరాజు, చెరకు బళ్ళవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. చేపలతను మేస్టారి వైపు వేలు చూపించి, "కళ్ళు దొబ్బాయేటి? సూసుకోవా?" అని అరుస్తున్నాడు. అప్పుడు నరసయ్య, ఎంతో మంచి మనసుతో, అతని భుజం మీద చెయ్యి వేసి అన్నాడు:

"నిజంగానే అవుపడదు బాబూ. ఆయనకి ఎడం పక్క సూపు లేదు. మాకందరికీ తెల్సు, మేవే తప్పుకుంటాం. నువ్వు కొత్తోడివి, నువ్వే కొంచెం సూసుకోవాల."

మాట జారిందని నరసయ్యకి అప్పుడు తెలిసింది. మేస్టారు అతని మొహం చూశారు, తరువాత పైడిరాజు మొహం, తరువాత రోడ్డు వారగా తిప్పిపెట్టిన చెరకు బళ్ళని. నాలుగు నెలల క్రమశిక్షణ ఆయన కళ్ళ ముందు నిలబడి ఉంది. చివరికి భుజంతో సహా నా వైపు తిరిగారు.

"ఈల్లకి తెల్సునని నీకు తెల్సా?"

తల ఊపాను. ఆయన వంగి చేపలు ఏరడం మొదలుపెట్టారు.

వరహాలమ్మ గారికి కబురు మాకన్నా ముందే చేరింది. ఆవిడ పసుపు డబ్బాతో వచ్చి, అతని మోచేతికి కట్టు కట్టి, ఒక చేప మొప్ప ఎత్తి, కన్ను చూసి, "ఈ తెల్లారి పట్టిందే," అన్నారు. మట్టయిన సరుకంతా ఆవిడే తీసుకున్నారు. ఎలమంచిలిలో మేము తిన్న మొదటి తాజా చేపలవే. మేస్టారు తినలేదు.

రెండు రోజులు స్కూలు తెరవలేదు. మూడో రోజు సాయంత్రం నన్ను గుమ్మం దగ్గర కూర్చోమన్నారు. నేను తోచిన జోకులు మూడు సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

"ఊరోల్లు తప్పుకున్నారు. అది ఆల్ల మంచితనం," అన్నారు. "ఆల్లు బయట ఉన్నోల్లు, అంతకన్నా ఏటి సేత్తారు? నువ్వు బండిలో ఉన్నావు కదరా."

"మీరు బాధపడతారని..."

"పడతాను. పడితే ఏటయిపోద్ది? ఆ సేపలోడు పోయుంటే ఆడి పెల్లాం పడదా బాద?" భుజంతో సహా నా వైపు తిరిగి, మళ్ళీ అన్నారు. "నీ నోరు మూయించింది నానే. నానే పెద్ద ఎదవని. కానీ ఇనుకో. దారి ఇచ్చేవోల్లు రోడ్డు మీద సానామందుంటారు. కాళీ కాదని సెప్పేవోడు బండిలో ఒకడుండాల. లేపోతే ఆ బండెక్కకూడదు."

మూడు జోకుల్లో ఒక్కటీ పైకి రాలేదు. లోపలి నుంచి వరహాలమ్మ గారు వచ్చి గడప మీద కూర్చున్నారు.

"నీకూ తెల్సా?" అన్నారు మేస్టారు, ఆవిడ వైపు చూడకుండా.

"ఏటయ్యా, సేప కన్ను సూసి ఏ పూట పట్టిందో సెప్తాను. ముప్పయ్యేల్లు సూసిన నీ కన్ను నాకు తెల్దా? గాజువాకలోనే తెల్సు."

"మరెందుకొచ్చావు, సేపల్లేని ఊరికి?"

"రానంటే ఒక్కడివీ వచ్చీసేవోడివి."

దోమలు కుడుతున్నా ముగ్గురం అక్కడే కూర్చున్నాం.

గాజువాక తిరిగి వెళ్ళిపోదామా అని నేనే అడిగాను. అక్కడైతే ఎవరికీ తెలియదు, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. మేస్టారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, ఆ కోరిక ఆయన మొహంలో కనపడింది. చివరికి, "ఎవుడికీ తెల్దు కాబట్టే కదా అక్కడ ఆ ముసలమ్మ జాంపళ్ళు రోడ్డుపాలయినాయి," అన్నారు.

మర్నాడు పొద్దున్న, జనం ఎక్కువగా ఉండే వేళ చూసుకుని టీ కొట్టుకి నడిచి వెళ్ళారు. ఎడం పక్క నుంచి నరసయ్య భయం భయంగా చూస్తున్నాడు. మేస్టారు క్లాసులో చెప్పే గొంతుతో అన్నారు:

"నాకు ఎడం పక్క అవుపడదు. మీకు తెల్సునని నాకిప్పుడు తెల్సింది. తప్పు ఆ సేపలోడిది కాదు, నాది. ఇయ్యాల్టి నించి బండిలో నా సీట్లో నూకరాజు కూకుంటాడు, నాను ఎనక సీట్లో కూకుంటాను. ఇక మీరెవులూ బల్ల జరపక్కర్లేదు."

నరసయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. "అలగే మేస్టారూ. కానీ నూకరాజు డ్రైవింగు మేం సూసాం. బల్ల జరుపుతూనే ఉంటాం."

మేస్టారు నవ్వారు. ఎలమంచిలి వచ్చాక ఆయన మనసారా నవ్వింది అప్పుడే. ఇంత పెద్ద ఘట్టంలో నా పరువు ఒక్కటే పోయింది గనక, చవకగానే తేలిందని అనుకున్నాను.

స్కూలు మూతపడుతుందని భయపడ్డాను. అప్పలనాయుడు గారు తన తమ్ముణ్ణి చేర్పించారు. నాగమణి గారు ఆగిపోయిన పాఠం పూర్తి చేశారు, రోడ్డు కలిసేచోట మూడుసార్లు చూడడం అలవాటు చేసుకున్నారు. మేస్టారు వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుని, "థర్డులో ఏడుత్తంది సూడు, దించు," అనేవారు. ఆయన చెవికి దొరకని తప్పు లేదు. నేను ముందు సీట్లో కళ్ళు మాత్రమే. ఆయన ఏమైనా అంటే, నాకు కాదనిపిస్తే, శిష్యుల ముందే కాదని చెప్పేవాణ్ణి. ఆయన, "ఆఁ, అలగ," అనేవారు.

రాను రాను కుడి వైపు కూడా మసకబారింది. అప్పుడు ఆ ఊరి మంచి, చెడ్డ రెండూ ఆయన ఒకేసారి చూశారు. ఒంటరిగా వీధిలోకి వస్తే ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకునేవారు. ఎక్కడికెళ్ళాలని మాత్రం అడిగేవారు కాదు. ఒకసారి పోస్టాఫీసుకి బయల్దేరితే గుడికి చేర్చారు. ఇంకోసారి గుడికి బయల్దేరితే ఎవరిదో నిశ్చితార్థంలో కూర్చోబెట్టి లడ్డూ తినిపించారు. "ఈ ఊల్లో పడితే ఎత్తుతారు. పడకపోయినా ఎత్తుతారు," అనేవారు. నేను గాజువాక తిరిగొచ్చి సొంతంగా స్కూలు పెట్టుకున్న రెండేళ్ళకి, మామూలు జ్వరంతో వెళ్ళిపోయారు. వరహాలమ్మ గారు ఆ ఊళ్ళోనే ఉండిపోయారు. మోచేతి మచ్చ ఉన్న ఒక మోపెడ్ అతను ఊళ్ళోకి వస్తే మొదట ఆవిడ గుమ్మం ముందే ఆగుతాడు. ఆవిడ ఇప్పటికీ ప్రతి చేప కన్నూ చూసే తీసుకుంటారు, అతను ఇప్పటికీ గొణుగుతాడు.

రిటైరయ్యేవాళ్ళు, దుమ్ముకి విసిగినవాళ్ళు నన్ను అడుగుతుంటారు, చిన్న ఊరికి మారిపోతే ఎలా ఉంటుందని. పెద్ద ఊళ్ళో నీ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి చెప్పరు. చిన్న ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి చెప్పరు. ఇంటి అద్దె, కూరల ధర తరువాత చూసుకోవచ్చు, నీతో పాటు నోరున్న మనిషి ఎవరొస్తున్నారో ముందు చూసుకోమంటాను. నా వరకు నేను మర్యాదకి మింగేసే ఆ ఒక్క క్షణాన్ని మానుకోవడానికి ఇంకా కష్టపడుతున్నాను. మా బావమరిదికి అతని వ్యాపారం సరిగ్గా లేదని చెప్పాను, రెండేళ్ళు మా ఇంటి గడప తొక్కలేదు. ఒక స్నేహితుడికి అతని తాగుడు గురించి చెప్పాను, అతను ఇప్పటికీ మాట్లాడడు, కానీ తాగడం తగ్గించాడని విన్నాను. జోకులు వేయడం మానలేదు. వేశాక, ఎదుటివాడు నవ్వాక, చెప్పాల్సింది చెబుతున్నాను.

ఏడాదికోసారి కళ్ళు కూడా చూపించుకుంటాను. మీరూ వెళ్ళండి. పరీక్షకి ముందు కళ్ళలో చుక్కలు వేస్తారు, మూడు నాలుగు గంటలు అంతా మసకగా ఉంటుంది, బండి నడపకూడదు. బస్సులో వెళ్ళండి.